పాస్‌వర్డ్ దొంగలు – సంస్థల బాధ్యత

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికైనా తెలుగు చదివే విద్యార్థికైనా పరిచయం అక్కరలేని కథ ఒకటి ఉన్నది. అడవికి కట్టెల కోసం పోయిన అలీబాబా చెట్టుపై దాగి, నలభై మంది దొంగల నాయకుడు గుహ ముందు నిలిచి పలికిన మాటను వింటాడు. ఆ మాట చెవిన పడిన పిమ్మట అతనికి గునపంతో పని లేదు, గొడ్డలితో పని లేదు. కొండరాయి తనంతట తానే తొలగిపోతుంది. ఈ కథను ఉర్దూ పుస్తకంలో చదివినా, 1970లో విఠలాచార్య దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రంలో చూసినా గమనించవలసిన అంశం ఒక్కటే. గుహ తలుపు బలమైనదా, బలహీనమైనదా అనే ప్రశ్న అక్కడ తలెత్తనే లేదు. తలుపు చెక్కుచెదరలేదు. మాట మాత్రం చేతులు మారింది.

నేడు మనం పాస్‌వర్డ్ అంటున్నది ఆ మాటనే. చెట్టుపై కూర్చుని దానిని వినే పనిని ఈనాడు మనిషికి బదులు ఒక చిన్న ప్రోగ్రాం చేస్తున్నది. తెలుగు పాఠాలు చెప్పుకొనే వానికి కంప్యూటర్ దొంగల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అనవచ్చు. మాట విలువను గురించి చెప్పడమే మా వృత్తి గదా! అందులోనూ పాస్‌వర్డ్ వంటి మాట మరొకటి లేదు. దాని విలువ అంతా ఇతరులకు తెలియకపోవడంలోనే ఉన్నది.

పాస్‌వర్డ్ పోయిన ప్రతిసారీ "ఎందుకు నొక్కావు? ఎందుకు తెరిచావు?" అని ఆ మనిషిని నిలదీయడం మనకు అలవాటైపోయింది. పోగొట్టుకొన్న వాడు సిగ్గుతో నోరు మూసుకొంటాడు. దొంగకు కావలసినదీ అదే. ఆ ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఒక్క వేలి నొక్కుతో ఇంత నష్టం జరిగేలా యంత్రాలను అమర్చిపెట్టినది ఎవరు? బ్యాంకు కావచ్చు, కళాశాల కావచ్చు, ఇంటర్నెట్ కేంద్రం కావచ్చు, పదిమంది వాడే యంత్రాన్ని నడిపే సంస్థదే మొదటి బాధ్యత అని నా అభిప్రాయం. ఆ తరువాతనే వ్యక్తి జాగ్రత్త.

ఈ దొంగతనం నిన్న మొన్నటిది కాదు. 1960ల ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను అనేకులు వంతులవారీగా వాడుకొనే ఏర్పాటు చేసి, ఒకరి ఫైళ్లు మరొకరి కంట పడకుండా పాస్‌వర్డ్‌లు పెట్టారు. 1962లో ఎలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయం చాలక, పాస్‌వర్డ్‌లన్నీ ఉన్న ఫైలును ముద్రించమని పంచ్ కార్డు ద్వారా ఆ యంత్రాన్నే ఆదేశించాడు. యంత్రం విధేయంగా ముద్రించి ఇచ్చింది. అంటే పాస్‌వర్డ్ పుట్టిన కొద్ది కాలానికే దాని దొంగతనమూ పుట్టింది. ఆ దొంగ ఒక విద్యార్థి. కంప్యూటర్ ముందు మరికొన్ని గంటలు కూర్చోవాలన్నదే అతని ఆశ. విద్యార్థులు ఈ ముచ్చట విని ముచ్చటపడితే పడవచ్చు గాని, మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షన్ ప్రకారం ఇతరుల పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నదని కూడా గుర్తుంచుకోవలెను. స్నేహితుని భుజం మీదుగా చూసి నేర్చుకొన్న పాస్‌వర్డ్‌కూ ఇది వర్తిస్తుంది.

నాటి దొంగకూ నేటి దొంగకూ తేడా పరిమాణంలో ఉన్నది. 2007లో బయటపడిన 'జ్యూస్' అనే ప్రోగ్రాం బ్యాంకు ఖాతాల పాస్‌వర్డ్‌లను దొంగిలించడంలో పేరుమోసింది. 2011లో దాని మూల రచనే బహిర్గతం కావడంతో, సొంతంగా ప్రోగ్రాం రాయలేని వాడు సైతం దొంగ కాగలిగాడు. ఈనాడైతే ఇటువంటి ప్రోగ్రాంలు సైకిలు అద్దెకిచ్చినట్లు నెలవారీ అద్దెకు దొరుకుతున్నాయి. 'లుమ్మా' అనే అటువంటి ప్రోగ్రాంను 2025 మే నెలలో మైక్రోసాఫ్ట్ సంస్థ, వివిధ దేశాల పోలీసులు కలిసి దెబ్బతీసినప్పుడు, అంతకు ముందరి రెండు నెలల్లోనే 3,94,000 కంప్యూటర్లలో దాని జాడ కనిపించినట్లు ఆ సంస్థ ప్రకటించింది.

ఇది యంత్రంలోకి ఎట్లా వస్తుంది? కిటికీ పగలగొట్టుకొని రావడం అరుదు. మన పిలుపు మీదనే వస్తుంది. శుక్రాచార్యుని ఆశ్రమంలో శిష్యుడుగా చేరి, గోవులు కాచి, సేవలు చేసి మృతసంజీవనిని గ్రహించిన కచుని కథ మా తరగతిలో విన్నవారికి ఈ మార్గం సులభంగా బోధపడుతుంది. (కచుడు గౌరవింపదగినవాడు, పోలిక ప్రవేశించిన పద్ధతి వరకే.) డబ్బు చెల్లించి కొనవలసిన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తానంటూ వచ్చే 'క్రాక్', ఆటలో గెలిపిస్తానంటూ వచ్చే అదనపు ఫైలు, బిల్లు అనో కొరియర్ అనో పేరు పెట్టుకొని ఈమెయిల్‌తో వచ్చే జతపత్రం – ఇవన్నీ సేవకుని వేషాలే. అన్నిటికంటె ప్రమాదకరమైనది క్రాక్. ఎందుకంటే దానితో వచ్చే సూచనలలో మొదటిదే "యాంటీవైరస్‌ను ఆపివేయండి" అని ఉంటుంది. వచ్చినవాడు కాపలా కుక్కను కట్టివేయమంటే, మనమే కట్టివేసి తలుపు తీస్తున్నాము.

లోపలికి వచ్చిన తరువాత అది చేసే పనుల్లో పాతది, అందరూ విన్నది, కీబోర్డు మీద మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టుకోవడం. దీనిని కీలాగర్ అంటారు. కొన్ని తెరను ఫోటో తీస్తాయి. కొన్ని బ్యాంకు పేజీ తెరవగానే దాని మీద అచ్చం అటువంటి మరో పేజీని పరుస్తాయి. కాని నేటి దొంగకు ఇంత ఓపిక అక్కరలేదు. మనం టైపు చేసే దాకా ఎందుకు ఆగాలి? "ఈ పాస్‌వర్డ్‌ను దాచిపెట్టమంటారా?" అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా మనం సరేనన్నాము. ఏళ్ల తరబడి దాచినవన్నీ ఒకే చోట ఉన్నాయి. బ్రౌజర్ వాటిని రహస్య లిపిలోనే దాచుతుంది, నిజమే. ఐతే ఆ లిపిని విప్పే తాళంచెవి సాధారణంగా ఆ కంప్యూటర్‌లో లాగిన్ అయివున్న వాడుకరి పేరుతో ముడిపడి ఉంటుంది. మన పేరు మీద నడుస్తున్న దొంగ ప్రోగ్రాం అడిగితే, యజమాని గొంతు విన్న పనివాడిలా యంత్రం ఇచ్చివేస్తుంది. బ్రౌజర్ తయారీదారులు ఈ లోపాన్ని సవరించడానికి కొత్త కట్టుదిట్టాలు తెస్తున్నారు. దొంగలు వాటికి కొత్త దారులు వెదుకుతున్నారు. ఈ పరుగుపందెం ఇప్పట్లో ముగిసేది కాదు.

దీనికంటె సూక్ష్మమైనది 'కుకీ' దొంగతనం. సినిమా హాలులో విశ్రాంతి సమయంలో టీ తాగడానికి బయటికి వెళ్లేవారికి గేటు దగ్గర ఒక చీటీ ఇచ్చే పద్ధతి ఉండేది. తిరిగి వచ్చినప్పుడు టిక్కెట్టు అడగరు. చీటీ చూపితే చాలు. మనం ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లిన తరువాత వెబ్‌సైటు మన బ్రౌజర్‌కు అటువంటి చీటీనే ఇస్తుంది. అందువల్లనే ఈమెయిల్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగదు. దొంగ ఆ చీటీని నకలు చేసికొంటే అతనికి పాస్‌వర్డూ అక్కరలేదు, ఓటీపీ కూడా అక్కరలేదు. "నాకు రెండంచెల భద్రత ఉన్నది గదా, నా ఖాతా ఎట్లా పోయింది?" అని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇక్కడ ఉన్నది. రెండంచెల భద్రత వృథా అని దీని అర్థం కాదు. పాస్‌వర్డ్ మాత్రమే పోయిన సందర్భాలలో అదే మనలను కాపాడుతుంది.

ఈ పనంతటికీ పట్టే సమయం తరచుగా ఒకటి రెండు నిమిషాలు. దొరికినదంతా మూటగట్టి దూరపు కంప్యూటర్‌కు పంపి, కొన్ని ప్రోగ్రాంలు తమను తామే చెరిపివేసుకొంటాయి కూడా. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన 'వానాక్రై' మన రాష్ట్రంలో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లలోనూ ప్రవేశించింది. అది తెరమీద ఎర్రని హెచ్చరిక చూపి, డబ్బు ఇస్తేగాని ఫైళ్లు తెరవనని బెదిరించింది. అది దారికాచి దోచుకొనే బందిపోటు. వచ్చిన సంగతి అదే చాటుతుంది. పాస్‌వర్డ్ దొంగ అట్లా కాదు. కంప్యూటర్ నెమ్మదించదు, తెర మారదు, ఏ ఫైలూ పోదు. యజమానికి తెలిసేది నెలల తరువాత, మరో చోట నష్టం జరిగినప్పుడు.

అట్లా నెలల తరువాత తెలిసిన ఉదంతం మన తెలుగు నేల మీదనే ఉన్నది. హైదరాబాదులోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగులకు 2021 నవంబరులో సుమారు రెండు వందల ఈమెయిళ్లు వచ్చాయి. పోలీసులు తరువాత వెల్లడించిన దాని ప్రకారం, వాటిని తెరిచినవారు ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్లలో దూరం నుంచి యంత్రాన్ని నడిపించగల ప్రోగ్రాం ఒకటి చేరింది. దానితోపాటు కీబోర్డు నొక్కులను రాసుకొనే ప్రోగ్రాం కూడా. దొంగలు తొందరపడలేదు. ఇంచుమించు రెండు నెలలకు పైగా మౌనంగా కూర్చుని, బ్యాంకు పనులన్నిటి మీద సర్వాధికారం గల ఖాతాల పాస్‌వర్డ్‌లు దొరికే దాకా ఎదురు చూశారు. 2022 జనవరి 23 ఆదివారం. బ్యాంకుకు సెలవు. ఆ రోజూ మరునాడూ కలిపి సుమారు పన్నెండున్నర కోట్ల రూపాయలు, ముందే సిద్ధం చేసికొన్న కొన్ని ఖాతాలలోకి, అక్కడి నుంచి 115 ఖాతాలకు, వాటి నుంచి 398 ఖాతాలకు పారిపోయాయి. దేశంలో వేర్వేరు చోట్ల 938 ఏటీఎంల నుంచి నగదు తీశారు. సోమవారం లెక్కలు సరిచూసుకొనే వేళకు కథ ముగిసింది.

ఈ ఉదంతాన్ని గురించి మాట్లాడేవారు తరచు ఆ ఇద్దరు ఉద్యోగుల దగ్గరనే ఆగిపోతారు. వారు తెరవకపోతే ఇది జరిగేది కాదు గదా అంటారు. రెండు వందల ఉత్తరాలు పంపినవానికి రెండు వందల మంది మోసపోవలసిన పని లేదు; ఇద్దరు చాలు. ఏ సంస్థలోనైనా పని ఒత్తిడిలో ఇద్దరు తెరుస్తారు. తెరవని మనుషులు మాత్రమే ఉన్న కార్యాలయం ఈ భూమి మీద లేదు. కాబట్టి ఇద్దరు తెరిచినప్పుడు ఏమవుతుందన్నది ఆ ఇద్దరి చేతిలోనిది కాదు, ఏర్పాట్లు చేసినవారి చేతిలోనిది. ఒక మూల కంప్యూటర్‌లో చేరిన దొంగ అక్కడి నుంచి ప్రధాన ఖజానా దాకా నడిచి పోగలిగాడంటే మధ్యలో గోడలు లేవన్నమాట. సర్వాధికార ఖాతాలు అవసరానికి మించి ఉండడం, చొరబాటును పసిగట్టే ఏర్పాటు సరిగా లేకపోవడం దర్యాప్తులో బయటపడ్డాయి. హైదరాబాదు పోలీసులు ఈ లోపాలను రిజర్వు బ్యాంకు దృష్టికి తీసికొనిపోయారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. జరిమానా పడినది తెరిచిన చేతి మీద కాదు, సంస్థ మీద. అది సరైన తీర్పు అని నేను భావిస్తున్నాను. పోయిన కోట్లతో పోలిస్తే ఆ మొత్తం చిన్నదే. దొంగతనం జరిగిన ఇంటికి కూడా శిక్ష వేయడమేమిటని కొందరు బ్యాంకు మిత్రులు వాదిస్తారు. ఆ ఇంట్లో పదిమంది సొమ్ము అమానతుగా ఉన్నప్పుడు వేయవలసిందేనని నా జవాబు.

హైదరాబాదులోని బ్యాంకు సంగతి తిరువూరుకు దూరమని అనుకోవడానికి వీలు లేదు. ఇక్కడ కోట్లు లేకపోవచ్చు. ఏర్పాట్లలోని లోపం మాత్రం అదే. మన విద్యార్థులలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉపకారవేతనానికి జ్ఞానభూమిలో దరఖాస్తు చేయాలన్నా, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వివరాలు నింపాలన్నా, ఈఏపీసెట్ ఫారం కట్టాలన్నా బజారులోని ఇంటర్నెట్ కేంద్రానికే పోతారు. అక్కడ ఈమెయిల్ ఖాతా తెరిచేదీ, పాస్‌వర్డ్ పెట్టేదీ చాలాసార్లు నిర్వాహకుడే. ఆ పాస్‌వర్డ్ సాధారణంగా విద్యార్థి పేరు, దాని పక్కన 123. ఫోనుకు వచ్చిన ఓటీపీని గట్టిగా చదివి వినిపించడం, బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు స్కాన్ చేసిన ఫైళ్లు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోవడం రోజూ జరిగే పనులే. నిర్వాహకుడు దొంగ అని నేను అనడం లేదు. మన పిల్లలకు అతడు చేస్తున్న సేవ చిన్నది కాదు. ఐతే ఆ కంప్యూటర్‌లో ఒక్క దొంగ ప్రోగ్రాం చేరితే, ఆ సీజన్‌లో వచ్చిన వందల మంది పిల్లల ఖాతాలు ఒక్క మూటలో పోతాయి. వారిలో ఎవరూ ఏదీ తప్పుగా నొక్కి ఉండరు.

ఫోను సంగతి మరొక విధం. ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ డబ్బు అనీ, బ్యాంకు కేవైసీ అనీ, చివరికి పెళ్లి శుభలేఖ అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. వాటిని తెరవవద్దని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఇటీవలి సంవత్సరాలలో పదే పదే హెచ్చరించారు. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ప్రోగ్రాం. దానిని ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇస్తే, ఆ క్షణం నుంచి మన ఓటీపీలు మన కంటె ముందు దొంగకు చేరతాయి. ఇందులో గ్రామీణులను అజ్ఞానులని నవ్వడం నాకు నచ్చదు. 2025 జనవరిలో ప్రభుత్వమే 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు ప్రారంభించి, హాల్ టికెట్లు సైతం అందులో అందించింది. అది మంచి పనే. కాని వాట్సాప్‌లో ప్రభుత్వపు పేరుతో వచ్చినదాన్ని నమ్మడం తెలివితక్కువ ఎట్లా అవుతుంది? నమ్మదగిన పేరు ఎక్కడ ఉంటే దొంగ అక్కడికే వస్తాడు. ఫోనులో వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే, పంపినవాడు మామయ్యే అయినా సరే తెరవరాదని మాత్రం ఇంటింటా చెప్పవలసి ఉన్నది. మామయ్య ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు.

ఇక చేరినదాన్ని తొలగించడం ఎట్లా? సాధారణంగా అందరూ చేసే పొరపాటు వరుసలో ఉన్నది. ముందు కంప్యూటర్‌ను బాగుచేయించి, అది వచ్చిన తరువాత అందులోనే పాస్‌వర్డ్‌లు మార్చుకొంటారు. ఆ మధ్య రెండు రోజులు దొంగకు ధారాళంగా దొరుకుతాయి. యంత్రం శుభ్రం కాకపోతే కొత్త పాస్‌వర్డ్‌లు కూడా అతనివే అవుతాయి. ఇల్లు కడగడం తరువాతి పని. ముందు తాళాలు మార్చవలెను, అదీ వేరే ఇంటి నుంచి.

అనుమానం రాగానే కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసివేయాలి. తరువాత నమ్మకమైన మరో ఫోను లేక కంప్యూటర్ నుంచి మొట్టమొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. తక్కిన ఖాతాలన్నిటి పాస్‌వర్డ్‌లు తిరిగి పెట్టుకొనే ఉత్తరాలు వచ్చేది ఈమెయిల్‌కే గనుక, అది దొంగ చేతిలో ఉంటే మిగిలినవి మార్చి లాభం లేదు. పాస్‌వర్డ్ మార్చిన వెంటనే ఖాతా సెట్టింగులలో 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' చేయాలి. ఇందాక చెప్పిన సినిమా చీటీలు దానితో చెల్లకుండా పోతాయి. తిరిగి రావడానికి దొంగ తన ఫోను నంబరునో మరో ఈమెయిల్‌నో అక్కడ చేర్చి పెట్టాడేమో చూడాలి. ఆ పిమ్మట బ్యాంకు, ఆ తరువాత తక్కినవి. డబ్బు పోయివుంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు పరుగెత్తే లోపల ఎక్కడో ఒక చోట ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉన్నది. మహేష్ బ్యాంకు సొమ్ము ఎన్ని ఖాతాలు దాటిందో చూశాము గదా.

అప్పుడు యంత్రం సంగతి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌లో 'ఆఫ్‌లైన్ స్కాన్' అనే సదుపాయం ఉన్నది. విండోస్ పూర్తిగా మేల్కొనక ముందే అది వెదుకుతుంది కాబట్టి, దాగుకొన్న ప్రోగ్రాంలు తప్పించుకోవడం కష్టం. మనం పెట్టని ప్రోగ్రాంలు, బ్రౌజర్‌లో మనకు తెలియని ఎక్స్‌టెన్షన్లు ఉంటే తొలగించాలి. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి ఇందుకు ఉచిత సాధనాలు అందిస్తున్నది; ఫోనులకు పనికివచ్చే ఎం-కవచ్‌ను తయారుచేసినది హైదరాబాదులోని సీ-డాక్ వారే. ఇన్ని చేసినా, బ్యాంకు పనులకు, విద్యార్థుల రికార్డులకు వాడే కంప్యూటర్ అయితే నా సలహా ఒక్కటే. అవసరమైన పత్రాలను, ఫోటోలను మాత్రం వేరు చేసికొని, డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను కొత్తగా వేయించడం. పాత సెటప్ ఫైళ్లను మళ్లీ అందులోకి తెచ్చుకొంటే అప్పటి దాకా చేసినదంతా వృథా.

ఫోనైతే మొదట ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. వచ్చిన సందేశాన్ని, పంపిన నంబరును, ఆ ఫైలు పేరును మరో ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోవాలి, ఫిర్యాదుకు పనికివస్తాయి. ఈ దొంగ యాప్‌లు కొన్ని తెరమీది బొమ్మను దాచివేస్తాయి కాబట్టి, సెట్టింగులలోని యాప్‌ల జాబితాలో వెదకాలి. తొలగించడం కుదరకపోతే, దానికి 'డివైస్ అడ్మిన్' అధికారమో 'యాక్సెసిబిలిటీ' అనుమతియో మనమే ఇచ్చి ఉంటాము. దానిని ముందు రద్దు చేసి, సేఫ్ మోడ్‌లో తొలగించాలి. అప్పటికీ లొంగకపోతే ఫ్యాక్టరీ రీసెట్. ఆ లోపల సిమ్‌ను వేరే ఫోనులో వేసుకొంటే ఓటీపీలు మన చేతికే వస్తాయి.

ఇవి వ్యక్తులు చేసికొనదగిన పనులు. ఇక కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేయదలచిన సంగతి ఒకటి ఉన్నది. అది మన వంటి ద్విభాషా సంస్థలకు ప్రత్యేకంగా సంబంధించినది. ఉర్దూ పేజీలు కూర్చడానికి ఇన్‌పేజ్, తెలుగు పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, అను ఫాంట్లు – ఈ మూడింటి మీద మన ప్రాంతపు డీటీపీ రంగం ఎన్నో ఏళ్లుగా నడిచింది. వాటిలో డబ్బు చెల్లించి కొన్నవి ఎన్ని, పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి వచ్చిన క్రాక్ కాపీలు ఎన్ని అన్నది ఆ రంగంలోని వారికి తెలిసిన రహస్యమే. ఇది తయారీదారునికి జరిగే అన్యాయం మాత్రమే కాదు. ఇన్‌పేజ్ ఫైలులో దాచిన దొంగ ప్రోగ్రాంలతో ఆసియాలోని ఆర్థిక సంస్థలపై, ప్రభుత్వ సంస్థలపై దాడులు జరిగినట్లు కాస్పర్‌స్కీ సంస్థ 2016 నవంబరులోనే బయటపెట్టింది. ఉర్దూ కూర్పరులు వాడేది ఏ సాఫ్ట్‌వేరో దొంగలకు అంత బాగా తెలుసు! యునిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో వెలువడిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో, ప్రోగ్రాంలో దాగిన మోసాన్ని దాని రచన అంతా చదివినా పట్టుకోలేని పరిస్థితి ఉండగలదని నిరూపించి చూపాడు. రాసిన మనిషిని నమ్మగలిగితేనే ప్రోగ్రాంను నమ్మాలన్నది ఆయన చెప్పినదాని సారం. క్రాక్ కాపీని రాసిన మనిషి ఎవరో మనకు ఏ నాటికీ తెలియదు. పైగా నేడు యూనికోడ్‌లో ఉర్దూకు నోటో నస్తాలీఖ్, తెలుగుకు మండలి, రామభద్ర, సూరన్న వంటి అందమైన ఖతులు ఉచితంగా, న్యాయంగా దొరుకుతున్నాయి. లిబ్రే ఆఫీస్‌కు రూపాయి కట్టనక్కరలేదు.

కాబట్టి కళాశాలకు సంబంధించిన ఏ యంత్రంలోనూ క్రాక్ కాపీ ఉండరాదన్నది నా మొదటి కోరిక. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఇంకా దానిమీదనే నడిచే యంత్రాలు ఉంటే మార్చవలసిన కాలం వచ్చింది. విద్యార్థుల ఆధార్, బ్యాంకు వివరాలు ఉండే కంప్యూటర్‌లో మరే పనీ చేయరాదు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవారు ఒకరు, మహా అయితే ఇద్దరు. రోజువారీ గుమాస్తా పనికి అధికారాలు తగ్గించిన వేరే లాగిన్ చాలు. దీనికి డబ్బు ఖర్చు కాదు; కొంత చిరాకు మాత్రం కలుగుతుంది. ఆ చిరాకును కమిటీ వారే ముందు భరించి చూపితే సిబ్బందికి చెప్పడం సులభం.

రెండవది గ్రంథాలయంలో ఒక కంప్యూటర్. ఉపకారవేతనాల కాలంలో విద్యార్థి తన దరఖాస్తును తానే, తన పాస్‌వర్డ్‌తో, ఎవరికీ వినిపించకుండా నింపుకొనేందుకు. బ్రౌజర్‌లో ఏదీ దాచకుండా, ఒకరు లేచిన తరువాత అంతా చెరిగిపోయేలా అతిథి పద్ధతిలో దానిని అమర్చవచ్చు. స్కానర్ లేకపోయినా పరవాలేదు. ఫోనుతో ఫోటో తీసుకొంటారు. పక్కన కూర్చుని సహాయపడేందుకు కంప్యూటర్ చదివే సీనియర్ విద్యార్థులు ఇద్దరు సాయంత్రం రెండు గంటలు కేటాయిస్తే చాలు. ఉర్దూలో ఒక పుట, తెలుగులో ఒక పుట సూచనలు రాసి గోడకు అంటించే పని మా రెండు శాఖల వారం చేస్తాము. ఎవరి ఖాతా అయినా పోయినట్లు తెలిస్తే ఎవరి దగ్గరికి రావాలో ఆ కాగితం మీద పేరుతో సహా ఉండాలి. వచ్చినవారిని అడిగే మొదటి మాట "ఎప్పుడు జరిగింది?" అనేదే కావాలి. ఈ ఏర్పాటు జూన్‌లో కొత్త ప్రవేశాలు మొదలయ్యే లోపల పూర్తయితే, వచ్చే ఏడాది చేరే పిల్లలు తమ మొదటి పాస్‌వర్డ్‌ను ఇక్కడనే పెట్టుకొంటారు.